వెనక కుంగిన జీపు

పొద్దున పాలకుర్తి రోడ్డు మీద వెనక కుంగిన జీపొకటి కనబడంగనే నా చూపు దాని బరువు మోసే కమాను పట్టీల మీదికే పోయింది. ఎవడి సొమ్ము ఎటు దాటిస్తున్నడో! ఉద్యమంల రాస్తారోకోలు చూసిన మన ఈడోళ్లందరికీ గీ అనుమానం ఉంటది గదా?

నాకప్పుడు తొమ్మిదేండ్లు. షావుకార్ల సరుకు ఊరు దాటొద్దని మా బాపు, ఇంకో ముగ్గురు రోడ్డుకు రాళ్లు పెట్టి కూసున్నరు. గిట్లాంటి జీపే వచ్చింది. లోపల నెలలు నిండిన ఆడామె, ఆమె చుట్టూ వడ్ల బస్తాలు.

"దవాఖాన పేరు చెప్పి షావుకారి సరుకు దాటిస్తున్నవారా?" బాపు గద్దించిండు.

"ఖాళీ జీపు ఎగిరెగిరి పడతదన్నా. బరువుంటేనే మెత్తగ పోతది. నా భార్య కోసమని మా ఇంటి వడ్లే ఏసిన," అన్నడు జీపాయన.

"మా చెవుల పూలు పెడుతున్నవా?"

బాపు బస్తాలన్నీ దింపిచ్చిండు. ఉద్యమం కరపత్రాలు అక్షరం పొల్లు పోకుండ చదివిన నేను చప్పట్లు కొట్టిన.

జీపు పది గజాలు పోయి గుంతల ఎగిరిపడ్డది. "ఓ అవ్వా!" అని ఆమె అరిచిన అరుపుకు నా చేతులు ఆగిపోయినయ్.

బాపు ఉరికిండు. మళ్ల బస్తాలెత్తే టైం లేక నలుగురూ బరువుకని వెనక ఎక్కి కూసున్నరు.

"ఇగ మెల్లగ పోనియ్ తమ్మీ," అన్నడు బాపు.

ఆమె మాత్రం వాళ్ల దిక్కు అనుమానంగ చూసుకుంట, రెండు చేతులూ కడుపుకు అడ్డం పెట్టుకున్నది.