అమ్మ పన్ను, చెల్లి కాలేజీ

డెంటల్ కౌన్సెలింగ్‌కు ముందు చూసొద్దామని ఈ రోజు చెల్లినీ బాపునూ తీసుకుని రెండు కాలేజీలు తిరిగాను. శంషాబాద్‌లో మా ఇంటికి దగ్గరున్న దాంట్లో ఒక సీనియర్ అమ్మాయి, "తొలిచి ప్రాక్టీసు చెయ్యడానికి పీకేసిన పళ్ళు మీరే తెచ్చుకోవాలి" అంది.

బాపు చెల్లితో, "మీ అమ్మది ఒకటున్నది బిడ్డా. దవాఖానల పీకినంక డబ్బిల పెట్టుకున్నది. పారెయ్య మనసొప్పలే. నీ సదువుకైన పనికొస్తది" అన్నాడు.

అమ్మ పోయి ఇంకా ఏడాది కాలేదు.

"దాన్ని నేనెట్ల తొలుస్త బాపూ?" అంది చెల్లి.

రెండోది తుక్కుగూడ దాటాక ఉంది. రెండు బస్సులు మారాలి, ల్యాబులు పాతవి. కానీ ప్లాస్టిక్ పళ్ళు వాళ్ళే ఇస్తారట. చెల్లి అక్కడే చేరతానంది.

ర్యాంకులూ ఫీజులూ చూసి కాలేజీ ఎంచుకున్నవాళ్ళు చెప్పండి, మా చెల్లి తప్పు చేస్తోందా?