వాకిలికి కట్టిన కలబంద

నిన్న మా మనవరాలు కలబంద మట్ట ఒకటి కోసుకొచ్చి, చెక్కు తీసి మిక్సీలో వేయబోతుంటే నేను పోయి ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. ఇంట్లోనే ముఖానికి జెల్ చేసుకోవడం ఎట్లాగో సెల్‌ఫోన్‌లో ఎవరో చూపించారట. ముందు మట్టను గిన్నెలో నిలబెట్టి పసుపుపచ్చటి పసరు కారిపోనివ్వాలి, లేకపోతే దురద పెడుతుందని చెప్పాను. ఫోన్‌లో అట్లా చెప్పలేదు జేజీ అంది. ఫోనుకేం, దానికి చర్మం ఉందా దురద పెట్టడానికి! మొత్తానికి నా మాటే నెగ్గింది. పసరు కారి, గుజ్జు కడిగి, గిలక్కొట్టి, పల్చటి గుడ్డలో వడగట్టాక గాజు గిన్నెలోకి దిగిందది. గిన్నెకు అవతల ఉన్న మనవరాలి వేళ్ళు ఇవతలికి మసగ్గా కనబడ్డాయి. అది చూడగానే ఈ హిందూపురం ఇల్లు, మిక్సీ, మనవరాలు అన్నీ పక్కకు తప్పుకున్నాయి. మా వదిన గుర్తొచ్చింది.

మా పుట్టింటివాళ్ళు ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్ళు. నేను చెప్పేది యాభైల చివరి మాట. నాకప్పుడు లంగా ఓణీ వేసే వయసు. ఇంట్లో సగం మగ్గాలే, మిగిలిన సగంలో మేము. కొత్త కోడలు వస్తే ఊరంతా ముఖం చూసేది, మా అవ్వ మాత్రం చెయ్యి చూసేది. అవ్వంటే నాయనను కన్నతల్లి. లడి అంటే పట్టుదారపు చుట్ట, అది ఒకటి తెచ్చి కోడలి అరచేతి మీదుగా మెల్లగా లాగేది. జారిపోతే ఆ పిల్ల ఆ రోజునుంచే పట్టు ముట్టుకోవచ్చు. తగులుకుంటే లేదు. గరుకు చెయ్యి తాకితే పట్టుపోగు నూగు లేచిపోతుంది, నేతలో అది దాగదు. పొయ్యి దగ్గర అవ్వ ఎన్ని తప్పులైనా ఓర్చుకునేది గానీ మగ్గం దగ్గర ఒక్కటి కూడా ఓర్చేది కాదు.

వదినది పెనుకొండ దాటాక, హిందూపురం పక్క మెట్ట పల్లె. వాళ్ళదీ నేతే, కాకపోతే ముతక నూలు. నూలు దొరక్క మగ్గం పండుకుంటే ఇంటిల్లిపాదీ శెనక్కాయ పీకడానికి, ఒలవడానికి కూలికి పోయినవాళ్ళే. అవ్వ లడి లాగితే అది వదిన అరచేతిలో ముళ్ళకంపకు గుడ్డ తగులుకున్నట్టు తగులుకుంది. అవ్వ దాన్ని ఓపిగ్గా విడిపించుకుని, కొన్నాళ్ళు వంటింటి పని చూసుకోమంది. తిట్టలేదు గానీ, వదినకు అదే తిట్టయింది. ఆషాఢం వస్తే కొత్త కోడల్ని పుట్టింటికి పిలుచుకుపోవడానికి తండ్రి వస్తాడు. నా కూతురు పట్టు నేసేవాళ్ళింట్లో పడిందని ఊరంతా చెప్పుకున్న మనిషి. ఒకరోజు నాతో పాటు బియ్యం ఏరుతూ, "మా నాయన వచ్చి ఏం పని నేర్చుకుంటివమ్మా అని అడిగితే, రొట్టెలు కాలుస్తాండా అని చెప్పాల్నా పాపా?" అంది. అంటూనే కళ్ళొత్తుకుంది.

మా అమ్మకు మనసాగలేదు. ఆముదం వెచ్చచేసి కోడలి చేతులకు రోజూ పట్టించింది. చేతులు మెత్తబడిన మాట నిజమే. ఆ ధైర్యంతోనే వదిన ఒకనాడు కిందపడిన లడిని తీసి నాయన చేతికిచ్చింది. శీకాయతో రుద్ది కడుక్కున్న చెయ్యే, కానీ పగుళ్ళలో ఇంకిన ఆముదం ఎక్కడికి పోతుంది? లేత గులాబీ రంగు పట్టు మీద బొటనవేలి మరక దిగింది. నాయన ఆ మేరకు పోగులు కత్తిరించి పక్కన పెట్టాడు. ఆయన రెండు మాటలన్నా బాగుండేది. అవ్వ మాత్రం వదినను మగ్గాల గది గడప తొక్కొద్దంది. నూనె రాస్తే పట్టుకు చెరుపు, రాయకపోతే చేతికి గరుకు. ఇద్దరత్తల కోడలి బతుకైంది మా వదినది.

ఆ మగ్గాల గది వాకిలికి పైన దిష్టికి కలబంద మొక్క ఒకటి తలకిందులుగా కట్టి ఉండేది. నీళ్ళు లేకపోయినా నెలల తరబడి పచ్చగా ఉండే మొండిది. అవ్వ అమావాస్యనాడు స్వయంగా కట్టింది. దాని జోలికి పోవాలని మా ఇంట్లో పిల్లికి కూడా తోచేది కాదు. ఒక మధ్యాహ్నం అవ్వ కునుకు తీసి లేచి చూస్తే ఒక మట్ట తక్కువగా ఉంది. వదినే వంటింట్లోంచి వచ్చి, రెండు చేతులూ చాచి నిలబడింది. చేతులు తడిగా మెరుస్తున్నాయి, అక్కడక్కడా పసుపుపచ్చ చారలు.

"నేనే కోసినానవ్వా. మా పక్క దీన్ని లోళెసర అంటారు. శెనక్కాయ ఒలిచినాక మాయమ్మ చేతులకు పూసేది. దీంట్లో నూనె లేదు, ఆరితే మరక గూడా ఉండదు."

అవ్వ ఆ చేతుల్ని తిప్పి తిప్పి చూసింది. తర్వాత వాకిలి వైపు చూసింది. దిష్టి మొక్కను కోస్తే ఇంటికి అరిష్టమని అవ్వే మాకు చెప్పిన మాట. ఆ రోజు కొట్టినా కొడుతుందనుకున్నాను.

"ఇల్లు బాగుండాలనే గదమ్మే దాన్ని ఆడ కట్టింది. నీ చేతులు గూడా ఈ ఇంటివే. కోసుకో," అంది అవ్వ. "పసరు మాత్రం కారనీ. అది పట్టుకు అంటితే నేనూరుకోను."

ఆనాటినుంచి ఆ పని అత్తాకోడళ్ళకు వదలకుండా అవ్వే ముందు కూర్చుంది. మట్టను వాలుగా నిలబెట్టేది. గుజ్జు తీసి చల్లనీళ్ళలో జాడించేది, కవ్వంతో చిలికి గుడ్డలో పిండేది. ఆపైన కంచుగిన్నెలో జిగురును వెలుతురుకు పట్టి, గిన్నె అడుగు స్పష్టంగా కనపడేదాకా వడగడుతూనే ఉండేది. ఒక తెల్లపట్టు పీలిక మీద చుక్క వేసి, ఆరాక ఎండలో చూసేది. మచ్చ లేకపోతేనే వదిన చేతికి. వాకిలి మొక్క బోడిదైపోతే రైలుకట్ట పక్కనుంచి కొత్తవి తెప్పించింది. పచ్చిగడ్డి, తడిమట్టి కలిసిన ఆ వాసన వదిన చేతుల్ని వదిలేది కాదు. ఆషాఢం దగ్గరపడే వేళకు ఒక పొద్దున అవ్వ లడి తెచ్చి లాగితే, అది వదిన చేతిలో ఒక్కచోట కూడా ఆగలేదు.

వాళ్ళ నాయన రైలు దిగి వచ్చేసరికి వదిన మగ్గం దగ్గరే ఉంది. పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతోంది. ఆయన వాకిట్లోనే నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత కూతురి చెయ్యి తన చేతిలోకి తీసుకుని బొటనవేలితో నిమిరాడు. "మనింటి చెయ్యి కాదు గదమ్మా ఇది," అన్నాడు నవ్వుతూనే. నవ్వుతున్న మనిషి కళ్ళు ఎందుకు నిండాయో నాకప్పుడు అర్థం కాలేదు. నా కూతుర్ని అత్తారింటికి పంపి, మొదటిసారి చూడబోయినప్పుడు అర్థమైంది.

శ్రావణంలో వదిన తిరిగొచ్చింది. పుట్టింట్లో విత్తనానికి శెనక్కాయలు ఒలిచిన చేతులు మళ్ళీ గరుకే. వెనక్కి దాచుకుంది. అవ్వ ఆ చేతులు చూపించమనలేదు. లడీ తేలేదు. అప్పటికే చిలికి ఉంచిన కంచుగిన్నెను వదిన ముందుకు జరిపి, తన దోవన తాను పోయింది.

ఇప్పుడు ఆ అవ్వ లేదు, వదినా లేదు. ఆ గదిలో మగ్గాలు తీసేసి కూడా చానా కాలమైంది. నిన్న మనవరాలు తన జెల్‌లో మిగిలింది నా చేతులకు పూసింది. బాగా మెత్తబడ్డాయి జేజీ అని సంబరపడింది. నాకు మాత్రం అవ్వ లడే కళ్ళముందు ఆడింది. కాలం కూడా మన చేతుల మీదుగా అట్లాగే జారిపోతుంది. ఎక్కడ గరుకు ఉందో, అక్కడే కాసేపు తగులుకుని ఆగుతుంది.