రెండు గోడల మధ్య గంటన్నర

ముందు ఈ మోచేయి చూడండి. ఇప్పుడు చెవి వెనక చూడండి. తెల్లగా ఉంది కదా? సున్నం కాదు, వాటర్‌ప్రూఫ్ కోటింగ్! కొబ్బరినూనె రాసినా పోలేదు, సబ్బుతో రుద్దినా పోలేదు. ఈ వానాకాలం మా ఇల్లు తడిస్తే తడవచ్చు గానీ నేను మాత్రం తడవను. నవ్వండి, నవ్వండి. మొన్న ఆదివారం మాత్రం నేను చచ్చిపోతున్నాననే అనుకున్నాను. అదీ ఎక్కడ? మా ఇంటికీ పక్కింటికీ మధ్య సందులో. ఇక్కడ పోతే శవాన్ని బయటికి ఎట్లా తీస్తారు, అన్నది నాకొచ్చిన మొదటి ఆలోచన.

కూరెకుప్పలో ఇల్లు కాపాడుకోవడమంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. ఖనిజం లారీల దుమ్ముకి ఏ రంగు వేసినా ఆరు నెలలకి అన్ని ఇళ్లూ ఒకటే రంగు. అయినా నేను వదలను. మూడు వైపుల గోడలకీ ఏటా పగుళ్లు పూడ్చి, ప్రైమర్ కొట్టి, రెండు కోట్లు వేయిస్తాను. నాలుగోది మాత్రం వన్నూరప్ప ఇంటి వైపు గోడ. రెండిళ్ల మధ్య అడుగున్నర సందు. అందులోకి పిల్లి పోతుంది, నేను పోలేను. ఆ గోడ లోపలి వైపు మా బెడ్‌రూము. ప్లాస్టరింగ్ పొక్కులు లేచి మంచం మీద రాలుతుంది. పొద్దున్నే దుప్పటి దులిపితే చారెడు ఇసుక!

దానికి కారణం వన్నూరప్ప అని నేను పదకొండేళ్ల కిందటే తేల్చేశాను. వాళ్ల బచ్చలి, అంటే స్నానాల గది నీళ్లు మా పునాదిలోకి దిగుతున్నాయని నా వాదన. వన్నూరప్ప ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి పోయే మనిషి, పెద్దగా మాట్లాడడు. నేను ఆ మాట అన్న రోజు మాత్రం మా గేటు దగ్గరికి వచ్చాడు. "కాదు నాగరాజప్పా, నీ మిద్దె మీంద పైపే మా గోడకు కొడతాండాది. ఒక్క తూరి వచ్చి చూడప్పా" అన్నాడు.

చూడలేదు. చూస్తే అతని మాట నిజమవుతుందేమోనని భయం కావచ్చు. పైగా నడివీధిలో, అతని బావమరుదుల ముందే, "మట్టితో ఇటుకలు పేర్చి పైన సిమెంటు పూసుకున్నావు. నీది నాసిరకం గోడ, నన్నంటావేంది?" అన్నాను. ఆ రోజు నుంచి రెండిళ్ల మగవాళ్లకీ మాటల్లేవు.

ఈ ఏడు వానలకి ముందే ఆ నాలుగో గోడ సంగతి చూడాలనుకుని ఖాజా మేస్త్రిని పిలిచాను. సందులోకి టార్చి వేసి చూశాడు.

"తడి గోడ మీంద కోటింగ్ వేస్తే లోపలి నీళ్లు లోపల్నే ఉంటాయి అప్పా. నీళ్లు యాడ నుంచి వస్తాండాయో అది చూడల్ల ముందు. మళ్ల గోడ ఆరల్ల. ఆమీద కోటింగ్."

"అంత టైము లేదు. నువ్వు దూరి వేసెయ్."

అతను సందు వైపు చూశాడు, తన ఛాతీ వైపు చూసుకున్నాడు. "నాకు ముగ్గురు పిల్లోల్లు ఉండారప్పా" అని టార్చి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

నేను పనిచేసేది వేబ్రిడ్జిలో. రోజూ లారీలు తూచే మనిషిని. దూరంగా వస్తున్న బండిని చూసి ఓవర్‌లోడో కాదో చెప్పేస్తాను. అటువంటివాణ్ణి నా పొట్ట సంగతి చూసుకోలేదు. ఫోన్లో ఒక వీడియో చూశాను. అందులో ఒకాయన ఇట్లాంటి సందులోనే పక్కగా నడుచుకుంటూ పోయి, పావుగంటలో గోడంతా తెల్లగా చేసి వచ్చాడు. ఆయనకు పొట్ట లేదన్న సంగతి తర్వాత గమనించాను.

ఆదివారం పదకొండు గంటలకి పాత బనియను, పాత ప్యాంటు వేసుకుని, ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో బ్రష్షు పట్టుకుని దూరాను. మొహం మా గోడకి, వీపు వన్నూరప్ప గోడకి. మా ఆవిడ సరోజ సందు మొగలో నిలబడి, "వద్దయ్యా, ఇరుక్కుంటే ఎవురు తీస్తారు నిన్ను?" అంది.

"పది నిముషాల పని. నువ్వు పోయి వంట చూడు" అన్నాను ధీమాగా. ఆమె వెళ్లిపోయింది.

ఎనిమిది అడుగులు బాగానే పోయాను. అక్కడ వన్నూరప్ప గోడ ప్లాస్టరింగు పూరీలా ఉబ్బి ఉంది. ఊపిరి బిగపట్టి, పొట్ట లోపలికి లాక్కుని ఇంకో అడుగు వేశాను. పట్టాను! ఆ సంబరంలో ఊపిరి వదిలాను. అంతే. పొట్ట మా గోడకి ఆనింది, వీపు ఆ ఉబ్బుకి ఆనింది. ముందుకి లేదు, వెనక్కి లేదు. పైకి ఎత్తిన డబ్బా చెయ్యి జారి నా నెత్తి మీదే బోర్లా పడింది.

"సరోజా!"

లోపల మిక్సీ తిరుగుతోంది. దానికి తోడు ఆమె బోరు మోటరు కూడా ఆన్ చేసింది. కాసేపటికి ట్యాంకు నిండింది. నిండితే ఏమవుతుందో నాకు పదకొండేళ్లలో ఎప్పుడూ తెలియలేదు, తెలుసుకోలేదు. ఇప్పుడు తెలిసింది! ధడధడమని నెత్తిన నీళ్లు! మెడ ఎత్తి చూశాను. మిద్దె మీద నుంచి దిగే మా ఓవర్‌ఫ్లో పైపు సగంలోనే ఊడిపోయి ఉంది. దాని నోరు నేరుగా వన్నూరప్ప గోడ వైపు తిరిగి ఉంది. నీళ్లు ఆ గోడని తన్ని, చిమ్మి, సగం మా గోడ మీద, మిగతాది నా మీద పడుతున్నాయి. పైపు కింద గోడ నల్లగా, పాచి పట్టి, చిల్లులు పడి ఉంది. అతను వచ్చి చూడమన్నది దీన్నే.

చావు భయం కంటే ముందు నాకు సిగ్గేసింది. లేదు, అబద్ధమెందుకు, ముందు భయమే వేసింది. లోతుగా ఊపిరి పీలిస్తే ఇంకా బిగుసుకుంటోంది. పిల్ల ఊపిర్లు తీస్తున్నాను. చేతులు తిమ్మిరెక్కాయి. అప్పుడు నా తల పక్కనే వాళ్ల వెంటిలేటర్లోంచి దగ్గు వినపడింది. వన్నూరప్ప భార్య హులిగెమ్మ. దగ్గీ దగ్గీ ఊపిరి అందక ఈల వేసినట్టు చప్పుడు. ఇక్కడ నేనూ అదే ఈల.

పిలవాలి. పిలిస్తే వన్నూరప్పనే పిలవాలి. ముందు "ఏయ్, ఎవరన్నా ఉండారా?" అన్నాను. ఎవరూ పలకలేదు. రెండోసారి అరవబోతే చూపు మసకబారింది. పరువు సంగతి తర్వాత చూసుకుందామని గొంతు చించుకున్నాను.

"వన్నూరప్పా!"

దగ్గు ఆగింది. "ఎవురది?" అని వన్నూరప్ప గొంతు.

"నేను."

"నేనంటే?"

"నాగరాజును."

వెంటిలేటరు దగ్గరికి అడుగుల చప్పుడు వచ్చింది. "యాడుండావు?"

"మీ గోడకి వీపు ఆనిచ్చి ఉండా."

"ఎందుకుండావు?"

"కోటింగ్ వేస్తా ఉండా."

పది నిముషాల్లో వీధి వీధంతా దిగింది. "యారో సందిన్యాగ సిక్కొండారంతె!" అని, ఎవరో సందులో ఇరుక్కున్నారంట అని కన్నడంలో ఒకరు అరిస్తే ఇంకో పది మంది వచ్చారు. ఒకరు వంటనూనె పోయమన్నారు. ఒకరు జేసీబీ పిలుస్తామన్నారు. సందు మొగలో నాలుగు ఫోన్లు నన్ను వీడియో తీస్తున్నాయి. సరోజ మోటరు ఆపి వచ్చి ఏడుస్తూనే తిడుతోంది. సన్నటి కుర్రాళ్లిద్దరు సందులోకి దూరి నా చెయ్యి పట్టుకుని లాగితే భుజం పట్టేసింది తప్ప నేను కదల్లేదు. ఫైరింజన్ వచ్చేసరికి గంట పడుతుందన్నారు. గంట! నాకు నిముషం గడవడమే కష్టంగా ఉంది.

అప్పుడు వెంటిలేటర్లోంచి వన్నూరప్ప గొంతు. "లోపల నుంచి గోడ పగలగొడతా. అదొకటే దోవ."

"వద్దప్పా, నీ ఇల్లు..."

"మరి నీది పగలగొట్టల్లనా? నీది గట్టిది, సిమెంటుది, పొద్దు గూకుతాది. మాది నాసిరకం గదా, బిన్నా, రెండు దెబ్బలకే వస్తాది. గమ్మునుండు."

గమ్మునే ఉన్నాను. లోపల పైకప్పుకి గుంజ ఆనిస్తున్న చప్పుడైంది. తర్వాత నా నడుము దగ్గర గునపం దెబ్బ ఒకటి. రెండో దెబ్బ. మూడోది పడలేదు. మనసు మార్చుకున్నాడేమో!

"ఏమైందప్పా?"

"గునపం అక్కర్లా" అన్నాడు.

చేతులతో తీస్తున్నాడు. నా వీపు వెనక ఒక్కో ఇటుకా చప్పుడు లేకుండా వచ్చేస్తోంది, బురదలోంచి గడ్డి పరక వచ్చినట్టు. వీపుకి గాలి తగిలింది. రెండు చేతులు నా చంకల కింద పట్టుకుని వెనక్కి లాగాయి. అట్లా, నేను పదకొండేళ్లుగా గుమ్మం తొక్కని ఇంట్లోకి గోడలోంచి వెల్లకిలా వెళ్లాను.

ఆ గదిలో మంచం లేదు, సామాను లేదు. గోడలు చూరు దాకా నల్లగా ఉన్నాయి. హులిగెమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "ఈ రూములోకి వస్తే నాకు ఆయాసమొస్తాది అన్నా. నువ్వే ఇట్లా రా" అంది. నేను పాక్కుంటూ వెళ్లి తాగాను. క్షమించమని అడగాలనుకున్నాను. నోట్లోంచి కోటింగే వచ్చింది. ఇంకో చెంబు అడిగాను.

వన్నూరప్ప కింద పడి ఉన్న ఇటుకల మట్టి గుప్పెడు తీసి పిడికిలితో నొక్కాడు. అది నీళ్లు కారుతూ ముద్దయిపోయింది. ఆ ముద్ద నా చేతిలో పెట్టాడు.

"ఇది నీదే, పట్టుకో" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే పైపుని మా వాకిట్లోకి తిప్పించాను. గోడ నేనే కట్టిస్తానన్నాను. వన్నూరప్ప రాలిన ఇటుకలు ఏరుకుంటూ ఉండిపోయాడు. ఖాజా మేస్త్రి వచ్చి గోడని చెయ్యి పెట్టి చూసి, ఆరడానికి రెండు నెలలన్నా కావాలని చెప్పాడు. ఆ కంతకి ఇప్పుడు టార్పాలిన్ కట్టి ఉంది. హులిగెమ్మకి ఆయాసం ఎన్నాళ్ల నుంచి అని సరోజని అడిగాను. "పదేండ్లు దాటింది. కొళాయి కాడ నాకు చెప్తానే ఉంటాది" అంది. నాకెందుకు చెప్పలేదన్నాను. "చెప్తే వినే మనిషివా నువ్వు?" అంది. నిజమే.

మూత తియ్యని రెండో కోటింగు డబ్బా ఇంకా మా వరండాలోనే ఉంది. దాని మీద ఇంతింత అక్షరాలతో పదేళ్ల గ్యారంటీ అని రాసుంది. పదేళ్లేం గొప్ప! నేను ఏ గ్యారంటీ ఇవ్వకుండానే, పక్కింటి గోడని పదకొండేళ్లు ఒక్క రోజు కూడా ఎండనివ్వకుండా చూసుకున్నాను.