యూసుఫ్ భాయ్ సీసాలోని జొన్నలు

నిన్న పొద్దున ఛాయ్ తాగుతుంటే తాండూరు నుంచి ఫోన్.

యూసుఫ్ భాయ్ ఇక లేరట.

ఛాయ్ ఒంటి మీద ఒలికింది. ఎనభై దాటినవాణ్ని, చావు కబుర్లు నాకు కొత్త కాదు. కానీ ఈసారి ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. ఆయనతో చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయింది.

నా ఫేస్‌బుక్ ఫ్రెండ్స్‌లో చాలామందికి ఆయన తెలియరు. బషీరాబాద్ మనిషి. అరవైల్లో తాండూరు దగ్గర ఒక చిన్న జొన్న రీసెర్చ్ ఫామ్‌లో మైక్రోస్కోప్ పని ఆయనది. పూడూరు నుంచి వెళ్లి కొత్తగా చేరిన అసిస్టెంట్‌ని నేను.

మామూలు జొన్న కణంలో ఇరవై క్రోమోజోములుంటాయి. కాల్చిసిన్ అనే మందులో గింజను నానబెడితే కొన్నిట్లో అవి నలభై అవుతాయి. ఆకు మందమవుతుంది, గింజ లావవుతుంది.

మరి ఎండకు ఆగుతుందా? మూడేళ్లుగా భాయ్‌కి అదే ధ్యాస.

మే నెల వడగాడ్పులకు పుప్పొడి చచ్చి కంకులన్నీ తాలు పోయేవి. నలభై ఉన్న మొక్కలు కూడా చాలావరకు అంతే. ఆ ఏడు ఒక్క మొక్క మాత్రం గింజ కట్టింది.

ఒక్కటే.

నేను ఎగిరి గంతేశాను. "అరె, జర ఆగు నర్సింలూ! ఒక్క చెట్టుతోని ఏం తెలుస్తది? దీని పిల్లలు గూడ వచ్చే ఎండకు ఆగాలె, అప్పుడు నమ్ముదాం" అన్నారు భాయ్. ఆ గింజల్ని సీసాలో పోసి బల్ల మీద పెట్టుకున్నారు. రోజూ పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకునేవారు.

తొలి ఏకాదశి వచ్చింది. ఇంట్లో పేలాల పిండి చేయాలి కదా. గది ఊడ్చే సాయమ్మ "జొన్నలు కొన్ని ఉన్నయా సారూ?" అంది. నేను రిజిస్టర్‌లోంచి తలెత్తకుండా "గా గదిల ఉన్నయి, తీస్కపో" అన్నాను. నా మనసులో ఉన్నది మూలనున్న గోనెసంచి. ఆ ముక్క నోటితో చెప్పలేదు.

సాయంత్రం చూస్తే, అదే గదిలో మందులో నానబెట్టి ఆరబోసిన గింజల చేట ఖాళీ.

ఆ మందు విషం. కడుపులోకి పోతే మనిషి దక్కడం కష్టం.

భాయ్ దగ్గరికి ఉరికాను. "భాయ్, సాయమ్మ చేటలోవి తీసుకుపోయింది" అన్నాను. నేనే తీసుకుపొమ్మన్నానని మాత్రం అనలేకపోయాను.

ఆయన సైకిల్ తీశారు. వెనక నేను. సాయమ్మ ఊరు కరణ్‌కోట. ఆ దారి పొడుగూతా ఆయన నోట ఒకటే మాట, "యా అల్లా, తినకముందే పోవాలె."

ఆమెకు ముగ్గురు చిన్నపిల్లలు.

మేం చేరేసరికి అందరూ వాకిట్లో కూర్చుని తింటున్నారు. పిల్లల మూతులకు పిండి. భాయ్ సైకిల్ పడేసి చిన్నదాని చేతిలోని ముద్ద లాక్కున్నారు. పిల్ల గొల్లుమంది.

"గీ జొన్నలు యాడివమ్మా? జల్ది చెప్పు!"

"బల్ల మీది సీసలయి సారూ. చేటలయి నాని ఉబ్బినయి, కోళ్లకు గూడ పనికి రావని గుంతల పోసి మన్ను కప్పిన."

భాయ్ నేల మీద కూలబడ్డారు. "బచ్ గయే" అని నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. పిల్లలు బతికారు. మూడేళ్ల పని వాళ్ల మూతులకు అంటుకుని ఉంది.

సాయమ్మ చిన్నదాన్ని దగ్గరికి లాక్కుంది. "నాకేం ఎర్క సారూ, నన్ను తీస్కపొమ్మన్నది..." అంటూ నా వైపు చూసి ఆగిపోయింది. నా పేరు చెప్పలేదు. భాయ్ ఆ చూపు చూశారు. నన్నూ చూశారు. పడేసిన సైకిల్ లేపి వెనక్కి తిప్పారు.

మర్నాడు ఫామ్ పెద్దసారుకు ఆయన రాసిచ్చిన కాగితంలో, పొరపాటు తనదేనని ఉంది.

మైక్రోస్కోప్ నుంచి తీసేసి ఆయన్ను విత్తనాల గోదాముకు పంపారు. రిటైరయ్యేదాకా అక్కడే. అలాంటి మొక్క మాకు మళ్లీ దొరకలేదు. అది నిజంగా ఎండకు ఆగే జాతో, ఆ ఏటి అదృష్టమో ఎవరికీ తెలియదు.

మొదట నౌకరి పోతుందని భయపడ్డాను. తర్వాత ఆయన ముఖం చూడాలన్నా భయం. ఆయనేమో ప్రతి ఈద్‌కి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టేవారు.

నిన్న వాళ్లింటికి వెళితే ఆయన కూతురు నా చెయ్యి పట్టుకుంది. "అబ్బా ఎప్పుడూ చెప్తుండె చిచ్చా. గా దినం నర్సింలు ఖాళీ చేట చూసి ఉరికొచ్చిండు గనక పిల్లల ఫికరు తీరింది, మస్తు మంచోడు అని."

అప్పుడు కూడా తలూపి వచ్చేశాను.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ జొన్నలు తీసుకుపొమ్మన్నది నేను బిడ్డా. మీ అబ్బా తప్పేం లేదు.

భాయ్, సెలవు. ఆ మట్టి మీకు చల్లగా ఉండాలి.