రాగిముద్దలో సూదులు

మా ఇంట్లో ఏడాదికి ఒకసారి, ఎవరూ తినకూడని రాగిముద్ద ఒకటి చేసేవాళ్లు. ఆయుధపూజ మరునాడు పొద్దున మా చిన్నమ్మ దాన్ని వేడివేడిగా తట్టలోకి దించి వసారాలో పెట్టేది. మా చిన్నాయన స్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, ఆ ఏడాదిలో తన కుట్టుమిషనులో విరిగిన, మొండివారిన సూదులన్నీ ఒక్కొక్కటే తీసి అందులో గుచ్చేవాడు. గుచ్చేముందు ప్రతి సూదితోనూ ఒక మాట చెప్పేవాడు: "గట్టి గుడ్డలు కుట్టినావు తల్లీ, ఇంక మెత్తగా పండుకో." తరువాత ఆ ముద్దను సూదులతో సహా పెరట్లో లోతుగా పాతిపెట్టేవాళ్లు. లోతుగా అన్నది మా అవ్వ పెట్టిన షరతు. ఆమె సూదుల ప్రాణాల సంగతి పట్టించుకోలేదు గాని, కోళ్ల ప్రాణాల సంగతి పట్టించుకుంది.

హోసూరులో ఇంకెవరి ఇంట్లోనూ ఈ పండుగ లేదు. కారణం, ఇది జపాను పండుగ.

మా చిన్నాయన చిన్న వయసులో రబ్బరు తోటల్లో పనికని మలయాకు పోయి, అక్కడ దర్జీ అయ్యాడు. యుద్ధంలో ఆ దేశం జపాను చేతికి పోయినప్పుడు, సైనికుల చొక్కాలకు గుండీలు కుట్టే పని ఆయన మీద పడింది. పక్కన కూర్చుని అదే పని చేసే జపాను ముసలి దర్జీ ఒకాయన, వచ్చీరాని మలయా మాటల్లో, తమ ఊరి దయ్యాల సంగతులు చెప్పేవాడట. యుద్ధం ముగిశాక చిన్నాయన ఒక కుట్టుమిషనునూ, ఆ సంగతులనూ ఓడలో వేసుకుని ఇంటికి వచ్చాడు. ఆ రోజుల్లో ఆయన చూసినవి వేరే కూడా ఉండాలి. వాటి జోలికి పోయేవాడు కాదు. అక్కడ తిండికి ఏం చేశారని ఎవరైనా అడిగితే చెప్పుల గురించి చెప్పేవాడు.

చెప్పుల సంగతి ఏమిటంటే, అరిగిపోయిన చెప్పును మర్యాద లేకుండా గిరాటు వేస్తే దానికి కాళ్లూ చేతులూ మొలిచి, ఇల్లంతా తిరుగుతూ పాట పాడుతుంది. పాత గొడుగుకైతే ఒంటి కన్నూ ఒంటి కాలూ వస్తాయి, గెంతుకుంటూ ఎదురొస్తుంది. మూలసూత్రం ఒకటే. ఏ వస్తువైనా నూరేళ్లు మనిషి చేతిలో మసిలితే దానికి ప్రాణం వస్తుంది. నూరేళ్లు నిండేదాకా అది కడుపులో బిడ్డలాంటిది: వింటుంది, తంతుంది, మాట్లాడదు.

జపాను ముసలాయన చెప్పింది ఇంతవరకేనని నా అనుమానం. మిగతా చట్టమంతా హోసూరు బజారులో, మా ఇంటి ముందుగదే అయిన దర్జీ అంగడిలో, గిరాకీ లేని మధ్యాహ్నాల్లో తయారైంది. సూదులను జపానులో గుచ్చేది ఏవో గింజల పాలు విరగ్గొట్టి చేసే మెత్తటి గడ్డలోనట. మా చుట్టుపక్కల తళి నుంచి జూజువాడి దాకా వెతికినా అలాంటిది దొరకదు. ఇడ్లీ పెడదామని చిన్నమ్మ అంది. ఇడ్లీ అంటే పండుగనాడు కనిపించే రోజులవి. దాన్ని సూదులకు పెట్టి మనుషులకు ముద్ద పెట్టడం తలకిందుల పని అని అవ్వ తీర్పు చెప్పింది. రోజు విషయంలో మాత్రం తగాదా రాలేదు. ఆయుధపూజనాడు ఎలాగూ మిషను ముట్టరు. మరునాడు కూడా ముట్టకూడదని చట్టం చెబితే కాదనేవాళ్లు మా ఇంట్లో లేరు.

నేను అప్పుడు బెంగుళూరులో బీయే ముగించి, ఉద్యోగం కోసం ఎదురుచూడడం అనే ఉద్యోగంలో ఉన్నాను. ఆఫీసు మా చిన్నాయన అంగడిలోని బెంచీ. కాలేజీలో తర్కశాస్త్రం చదివిన గర్వంతో ఆయన చట్టంలో సందులు వెతికేవాణ్ణి. జపాను దయ్యాలకు మన జిల్లాలో అధికారం ఏమిటని ఒకసారి అడిగాను. ఎండలో వాన పడితే నక్కలకు పెండ్లి అని మనం అనుకుంటామా లేదా అని ఆయన ఎదురడిగాడు. అనుకుంటామన్నాను. జపానులోనూ అదే వానకు అదే నక్కలకు పెండ్లి చేస్తారనీ, రెండు దేశాల్లో ముహూర్తం ఒకటైనప్పుడు చట్టం వేరెట్లా అవుతుందనీ ముగించాడు. నాకు తర్కంలో వచ్చిన మార్కులు ఎంతో ఆయనకు తెలియదు గాని, తెలిసినట్టే మాట్లాడేవాడు.

ఆయనకు ఒక్కతే కూతురు, నాకు చెల్లెలు. పద్దెనిమిది దగ్గర పడుతోంది. కాజాలు, గుండీలు, అంచు కుట్లు, చేతితో చేసేవన్నీ ఆమే చేసేది. మిషను మాత్రం ముట్టడానికి లేదు. ఆమెకు కావలసింది ఆ మిషను ఒక్కటే. నగల గురించి గాని చీరల గురించి గాని ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆడవాళ్ల రవికలు తాను కుడితే బాగుంటాయని ఆమె వాదన, అందులో న్యాయం ఉంది. మా వీధి ఆడవాళ్లు చిన్నాయనకు కొలతలు ఇవ్వలేక పాత రవికను ఆదికి పంపేవాళ్లు. ఆయన కుట్టిన కొత్త రవిక ఆ పాత రవికకు అచ్చంగా సరిపోయేది. మనిషికి సరిపోయిందా అన్నది వేరే విషయం.

ఆమె అడిగినప్పుడల్లా చిన్నాయన చట్టం తీసేవాడు. మిషను ఇంగ్లండులో పుట్టింది. దొరల చేతిలో కొన్నాళ్లు, మలయాలో ఒక చీనా దర్జీ చేతిలో కొన్నాళ్లు ఉండి ఈయన చేతికి వచ్చింది. దాని వయసు ఎవరికీ తెలియదు గాని నూరుకు దగ్గరలో ఉందని ఆయన లెక్క. యుద్ధకాలపు సర్వీసును సర్కారు రెట్టింపుగా కడుతుందని ఎక్కడో విని, మిషనుకు కూడా అలాగే కట్టాడు. ఇలాంటి వయసులో అది చేతి వాసన పట్టి బతుకుతుందనీ, తనంతట తాను ఒప్పుకోకుండా చెయ్యి మార్చితే తిరగబడుతుందనీ సిద్ధాంతం. "అది చెప్పనీమ్మా, అప్పుడు చూస్తాము" అనేవాడు. అది చెప్పదని ఆయన ధైర్యం.

అలా ఉండగా ఒక ఎండాకాలం, కృష్ణగిరి వైపు నుంచి వీధినాటకం మేళానికి పెద్ద అయిన ఒకాయన బస్సు దిగి వచ్చాడు. పగలు సూళగిరి పక్కన వేరుశనగ పండించే ఆయన, రాత్రుళ్లు రాజు. జాతరకు కొత్త అంగీ కావాలన్నాడు: ఎర్ర మఖ్మలు, జరీ అంచు, రొమ్ము మీద అద్దాలు. సైన్యానికి కూడా కుట్టాలన్నాడు. చిన్నాయన ఉలిక్కిపడ్డాడు. మేళంలో సైన్యం ఇద్దరేనని తెలిశాక ఒప్పుకున్నాడు.

అంతకుముందు మా అంగడి మఖ్మలు ఎరగదు. నిక్కర్లూ చొక్కాలూ కుట్టే సన్న సూది దానికి చాలదని, చిన్నాయన లావు సూది ఒకటి తెచ్చి మిషనుకు బిగించాడు. రాజుగారి అంగీ చెయ్యి మొదలుపెట్టాడు. దారం తెగింది. మళ్లీ ఎక్కించాడు. తెగింది. దారం మార్చాడు, నూనె వేశాడు, మిషనుకు దండం పెట్టాడు. దారం తెగడంలో ఏ మార్పూ రాలేదు.

మరునాడు విచారణ మొదలైంది. మిషనుకు ఎవరో అమర్యాద చేశారు, అందుకే అలిగింది. ఎవరు చేశారో వాళ్లు తప్పు ఒప్పుకోవాలి. చిన్నమ్మ ఒకనాడు దాని మీద తడి చీర ఆరేసింది. ఆమె చెంపలు వేసుకుంది. అవ్వ తానేమీ చేయలేదని చెప్పి, అయినా పండుగకు వచ్చిన చుట్టాన్ని అడిగినట్టు దాని క్షేమం అడిగి పోయింది. నేను కాఫీ లోటా దాని బల్ల మీద పెట్టే మాట అందరికీ తెలిసిందే. నా వంతు వచ్చేసరికి చిన్నాయనకు ఒక సందేహం కలిగింది. ఇంతసేపూ తెలుగులో చెబుతున్నాం, పుట్టింది ఇంగ్లండులో కదా అని. "నువ్వు ఇంగిలీషులో చెప్పప్పా. సదివింది దేనికి?" అన్నాడు.

బీయే పట్టా నాకు మొదటిసారి పనికి వచ్చిన సందర్భం అది. అంగడి ముందు నలుగురు నిలబడి వింటుండగా, లోటా విషయమై నా విచారాన్ని మిషనుకు మంచి వ్యాకరణంతో తెలియజేశాను. ఎదురుగా బీడీలమ్మే ఆయన, ఉద్యోగానికి మాట్లాడే పరీక్ష ఇలాగే ఉంటుందా అని అడిగాడు. దాదాపు ఇలాగే అన్నాను, అవతలివాళ్లు ఇంతకంటే తక్కువ మాట్లాడతారని.

తరువాత చిన్నాయన కూర్చుని తొక్కాడు. దారం తెగింది.

జాతర దగ్గరికి వచ్చేసింది. మఖ్మలు రాజుది, బయానా పుచ్చుకున్న మాట చిన్నాయనది. ఆయన మిషను ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడే మనిషి అలా కూర్చుంటే మాకు ఎటు చూడాలో తెలియలేదు. అప్పుడు చెల్లెలు, చేతిలో కాజా కుడుతున్న చొక్కాను పక్కన పెట్టి, దగ్గరికి వచ్చి నిలబడింది.

"నాయనా, ఒక మాట అడుగుతా. ఈ మిషను చీనాయన్ని కాదని నీకాడికి ఎట్ల వచ్చింది?"

ఈ కథ ఆయన గిరాకీలందరికీ చెప్పినదే. అలవాటు కొద్దీ చెప్పేశాడు. "దారం తెగుతా ఉండె. ఆయప్ప ఏం చేసినా తెగుతా ఉండె. నేను కూసుంటే ఆడింది."

"అంటే ఏమి? దానికి చెయ్యి మార్చాలనిపించింది. అంతే గదా?"

"అంతే."

"ఇప్పుడు ఎవురి చేతిలో తెగుతా ఉండాది?"

గడప దగ్గర చాట పట్టుకుని ఉన్న చిన్నమ్మ చెరగడం ఆపింది. చిన్నాయన మిషను చక్రం మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి మారాలంటే మిషను చెప్పాల. నువ్వు చెప్తే కాదు."

"నేనేం చెప్పలే నాయనా. అదే చెప్తా ఉండాది, నిన్న పొద్దన్నుంచీ."

ఆయన నా వైపు తిరిగాడు. "ఏమప్పా బీయే, నువ్వేమంటావు?"

"చట్టం నీది చిన్నాయనా. నాకు తెలిసి దీని మీద అప్పీలు లేదు" అన్నాను.

ఆయన లేచాడు. చెల్లెలు వెంటనే కూర్చోలేదు. ఈ సూది రెండు రోజులుగా శ్రమపడింది, ముందు దానికి సెలవు ఇవ్వాలంది. పండుగ కాకపోయినా పరవాలేదని చిన్నమ్మను పొద్దుటి ముద్దలో ఒక తునక అడిగి తెప్పించింది. సూదిని విప్పి వాకిలి వెలుతురుకు పెట్టి చూసింది. తండ్రి చెప్పే మాటే చెప్పి ముద్దలో గుచ్చింది. పొట్లంలోంచి ఇంకో లావు సూది తీసి, దాని ఒంటి మీద గోటితో ఒకసారి రాసి, బిగించింది.

నేను బెంచీ మీది నుంచి చూస్తూనే ఉన్నాను. మిషను సూదికి ఒక పక్కన సన్నటి గాడి ఉంటుంది. దారం ఎక్కే వైపుకు ఆ గాడి తిరిగి ఉండాలి. అటుది ఇటు బిగిస్తే దారం ఒరుసుకుని తెగుతుంది. వెంట్రుకంత గాడి, చూపు బాగున్నవాళ్లకే కనిపిస్తుంది. చిన్నాయన ఆ ఏడంతా పేపరును చెయ్యి చాచినంత దూరాన పెట్టి చదువుతున్నాడు. కళ్లద్దాల మాట ఎత్తినవాళ్లు మాలో లేరు. ఆమె సూది మార్చేంతసేపూ ఆయన వీధిలో పోతున్న లారీని చాలా శ్రద్ధగా చూశాడు. హోసూరు వీధిలో లారీ పోవడం అంత వింత కాదు.

చెల్లెలు కూర్చుని తొక్కింది. ఇన్నేళ్లు పక్కన కూర్చుని చూసిన పని గనక కాలూ చెయ్యీ ముందే కలిసిపోయి ఉన్నాయి. రాజుగారి చెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా సాఫీగా నడిచింది. దారం తెగలేదు. చివర దాకా వచ్చాక ఆమె ఆపి, గుడ్డ తిప్పి కుట్టు చూసుకుని, మళ్లీ మొదలుపెట్టింది. చిన్నమ్మ చెరగడం మొదలుపెట్టింది, కాస్త గట్టిగానే.

చిన్నాయన వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. సొంత అంగడిలో గిరాకీల వైపు కూర్చోవడం ఆయనకు అదే మొదలు.

"ఈ బెంచీ ఇంత గట్టిగా ఉండాదా?" అన్నాడు.

"ఉంది చిన్నాయనా" అన్నాను.

సాయంత్రానికల్లా చట్టానికి సవరణ వచ్చింది. మిషను చెయ్యి మారింది, కత్తెర మారలేదు. కత్తెర తన చేతిలో హాయిగానే ఉందని ఆయన అందరికీ వినిపించేలా చెప్పాడు. చెల్లెలు కత్తెర వైపు చూడలేదు. తొందరపడే మనిషి కాదు.

జాతరకు ముందు రాజు వచ్చాడు. అంగడిలోనే అంగీ తొడిగి, పొట్ట లోపలికి పట్టి, వీధిలోకి వచ్చి కత్తి దూసినట్టు చెయ్యి విసిరాడు. కుట్టు ఎక్కడా పిగల్లేదు. ఎండకు అద్దాలు మెరిసి, పోతున్న ఎద్దుల బండి ఒకటి ఆగింది. ఆయన తిరిగి వచ్చి, ఈ చేతులకు మొక్కాల అంటూ చిన్నాయన చేతులు పట్టుకున్నాడు.

చిన్నాయన చేతులు విడిపించుకున్నాడు. "నేను కత్తిరించినాను, అంతే. కుట్టింది మా అమ్మాయి" అన్నాడు.

రాజు ఆమెను చూశాడు, మిషనును చూశాడు, మళ్లీ ఆమెను చూశాడు. చెల్లెలు తల వంచుకుని పంటితో దారం కొరికింది. ఆయన మనసులో ఏమనుకున్నాడో గాని, పైకి మాత్రం ఒక చిక్కు చెప్పాడు. ఈ అంగీ చూస్తే శత్రురాజు వేషం వేసే ఆయన ఊరుకోడు. ఆయనకూ ఇలాంటిది కావాలి, నీలం రంగులో. ఎప్పుడు వచ్చి తీసుకుపోవచ్చు? అలవాటుగా చిన్నాయననే అడిగాడు.

"ఆయమ్మను అడుగప్పా" అన్నాడు చిన్నాయన, గడ్డంతో మిషను వైపు చూపించి.

ఆమె పక్కన బడిపిల్లల నిక్కర్లు కుప్పగా ఉన్నాయి. వాటి కింద ఎవరివో పెండ్లి రవికలు. నీలం మఖ్మలు ఇంకా బెంగుళూరులోనే ఉంది. ఎంత తొందరగా కుట్టినా వారంలో అయ్యే పని కాదని నాకు కూడా తెలుసు.

"సోమవారం రాండప్పా, అయిపోయుంటుంది" అంది, అచ్చం తండ్రిలాగే తల ఎత్తకుండా.

రాజు తృప్తిగా బస్సుకు పోయాడు. ఏ సోమవారమో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. చిన్నాయన నా వైపు వంగి, గొంతు తగ్గించి అన్నాడు: "ఇంక అమ్మాయికి నేర్పించేది ఏమీ లేదప్పా."