గొంతు పండుకున్న పంతులమ్మ

ఒకటో తరగతి చెప్పడంలో ఏముంది, పిల్లల్ని ఆడించడమే కదా అని తేలిగ్గా మాట్లాడేవాళ్లను ఒక్క పూట ఆ బడిలో నిలబెట్టాలి. యూనివర్సిటీ ఆవరణ అయిపోయి తార్నాక మొదలయ్యేచోట, రైలు పట్టాలను ఆనుకుని ఉండేది ఆ రేకుల బడి. గదికీ గదికీ మధ్య గోడ లేదు, తడికే. తడికకు ఇవతల ఒకటో తరగతి, అవతల మూడో తరగతి. అవతల పేరయ్య మాస్టారు ఎక్కాలు ఎత్తుకుంటే ఇవతల పిల్లలు నేర్చుకున్న అక్షరాలు కాస్తా మరిచిపోయేవాళ్లు. ఆయన ఊపిరి తీసుకునేలోగా బొగ్గింజను కూతపెట్టుకుంటూ వచ్చేది. ఆ రెంటినీ మించి అరిస్తేనే వెనక వరసకు ఒక ముక్క చేరేది. రాహేలు టీచరు అలా అరుస్తూనే ఏళ్లకేళ్లు నెట్టుకొచ్చింది.

అసలు ఆమెకు ఆ ఉద్యోగం దక్కిందే గొంతు వల్ల. బాపట్ల దగ్గర వాళ్ల పల్లెలో చర్చికి వెళ్లే ఇళ్ల ఆడపిల్లలు చదువుకుంటే ముందున్నవి రెండే దారులు, నర్సు ట్రైనింగు, కాదంటే టీచరు ట్రైనింగు. తల్లి మరియమ్మకు కూతుర్ని నర్సును చేయాలని ఉండేది. ఆదివారం చర్చిలో రాహేలు పాట ఎత్తుకుంటే బయట చెప్పులు విప్పుతున్నవాళ్లకు కూడా మాట మాట తెలిసేది. అది విన్న పాస్టరుగారు, ఇంత గొంతును ఆస్పత్రి వార్డులో నోరు మూసుకుని ఉండమంటావా, బడికి పంపు అన్నారు. ఆమె బతుకు అటు మళ్లింది. పెళ్లయ్యాక, యూనివర్సిటీ ప్రెస్సులో పనిచేసే సామ్యేలు వెంట తార్నాక వచ్చి ఈ బడిలో చేరింది.

ఆ గొంతే అరవై ఏడులో, దసరా సెలవులయ్యాక మొరాయించింది. మొదట బొంగురుపోయింది, తర్వాత వట్టి గాలి మిగిలింది. మిరియాల పాలు తాగింది, ఉప్పునీళ్లు పుక్కిలించింది, మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుంది. హెడ్మిస్ట్రెస్ భారతమ్మగారు అడిగినప్పుడల్లా జలుబని చెప్పింది. చివరికి సామ్యేలు బలవంతంగా పెద్దాస్పత్రికి తీసుకుపోయాడు. డాక్టరు నోట్లో అద్దం పెట్టి చూసి, నాగలి పట్టినవాడి అరచేతిలో కాసినట్టు లోపల కాయలు కాశాయన్నాడు. మెల్లగా మాట్లాడుకుంటే ఫరవాలేదట, మళ్లీ అరిస్తే మాత్రం ఉన్న గొంతు కూడా పోతుందట. ఒకటో తరగతి టీచరుతో అరవొద్దనడం ఆయనకు ఎంత సులువైపోయిందో.

ఈ సంగతి తెలిసి శాంతికుమార్ పరిగెత్తుకొచ్చాడు. రాహేలుకు చిన్నమ్మ కొడుకు, యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని ఒకటి ఖాళీ ఉందనీ, తాను పెద్దవాళ్లతో మాట్లాడి పెట్టాననీ, వచ్చే సోమవారానికల్లా ఏదో ఒక సంగతి చెప్పమనీ అన్నాడు. ఫ్యాను కింద కూర్చునే ఉద్యోగం, సుద్దపొడి లేదు, రైలు కూత లేదు. సామ్యేలు మాత్రం అవుననీ కాదనీ అనలేదు. నీ మనసుకు ఏది తోస్తే అది చెయ్యి అని కాఫీ కలపడానికి లేచాడు.

ఆమె మనసుకు బడే కావాలి. కానీ గొంతు లేని టీచరును ఎవరు ఉంచుకుంటారు? పైగా శనివారం ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వస్తున్నారు. ఆయన చెవిన పడితే తన చేతిలో ఏమీ మిగలదు, ఆయనే పొమ్మంటారు. ఆ భయం ఆమెను తిండి తిననివ్వలేదు.

గొంతు పోయిన మొదటిరోజే ఆమె పిల్లల్ని దగ్గరికి పిలిచి, మెడమీద గుడ్డ చూపించి, గొంతుకు బాగాలేదు, పడుకుంది, లేపకండి అని గుసగుసగా చెప్పింది. అల్లరి చేయకుండా ఉంటారని అన్న మాట అది. పిల్లలు దాన్ని మనసుకు పట్టించుకున్నారు. వాళ్లూ గుసగుసలాడటం మొదలుపెట్టారు. హాజరు పిలిస్తే గుసగుసగా పలికేవాళ్లు. దెబ్బలాట కూడా గుసగుసగానే ఆడుకునేవాళ్లు. గేటు దగ్గర పల్లీలమ్మే ముసలామెను సైతం, అవ్వా, సప్పుడు చెయ్యకు అని కసిరారట. రాహేలు ఇక బోర్డు దగ్గర నిలబడి లాభం లేదని వరసల మధ్య తిరుగుతూ, ఒక్కొక్కరి పక్కన చతికిలబడి పాఠం చెప్పడం అలవాటు చేసుకుంది. చేయి చాపితే రాయమని, చెవి పట్టుకుంటే వినమని గుర్తులు పెట్టింది.

ఆ తరగతిలో ఉప్పలమ్మ అనే పిల్ల ఉండేది. క్యాంపస్‌లో తోటపని చేసే బుచ్చిరాములు కూతురు. చేరిన నాటినుంచి నోరు విప్పి ఎరగదు. భారతమ్మగారు ఆ పిల్ల మూగదని తేల్చేసి, మూగపిల్లల బడిలో వేసుకొమ్మని తండ్రికి చెప్పేశారు కూడా. ఇంట్ల మంచిగనే మాట్లాడతది అమ్మా అని అతను ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. ఒకరోజు రాహేలు ఆ పిల్ల పక్కన కూర్చుని, పలక మీద 'ఉ' రాసి, ఇదేమిటమ్మా అని గాలి గొంతుతో అడిగింది. ఉప్పలమ్మ కాసేపు ఆమె మొహం చూసి, చెవి దగ్గరికి వంగింది.

"గిది నా పేర్ల ఉన్నది పంతులమ్మా," అంది.

రాహేలు కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. ఆ పిల్ల మూగది కాదు, భయస్తురాలు. ఊరునుంచి వచ్చిన పిల్ల, రైలుకు బెదిరింది, పేరయ్య మాస్టారికి బెదిరింది, అందరికంటే ఎక్కువ తన అరుపులకే బెదిరింది. చర్చిలో నలుగురూ మెచ్చిన గొంతు ఈ పసిదాని నోరు నొక్కేసిందని తలుచుకుంటే ఆమెకు చాలా బాధ కలిగింది. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ దారిపొడవునా ఉప్పలమ్మ అన్న ఆ ఒక్క మాటే మళ్లీ మళ్లీ తలుచుకుంది.

శనివారం ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు, వెనకే భారతమ్మగారు. ఆయన భారీ మనిషి, మాట కూడా అంత భారీగానే ఉంది. పిల్లలందరూ లేచి గుసగుసగా నమస్తే చెప్పారు. ఆయన ఒకణ్ని లేపి వారాల పేర్లు చెప్పమన్నారు. వాడు చెప్పాడు గానీ ఆయనకు ఒక్కటీ వినపడలేదు. ఇంకొకర్ని అడిగారు, అదే వరస. ఏందమ్మా, పొద్దున పిల్లలు ఏమీ తిని రాలేదా అని ఆయన గట్టిగా అడిగేసరికి భారతమ్మగారి మొహం మాడిపోయింది. జవాబు చెప్పబోతే రాహేలు నోట గాలి తప్ప మాట రాలేదు. ఇక అయిపోయిందనుకుంది.

అప్పుడు వెనక వరసలో ఉప్పలమ్మ లేచింది. ఎవరూ అడక్కుండానే ముందుకొచ్చి, ఇన్‌స్పెక్టరుగారి చొక్కా అంచు పట్టుకుంది.

"మా పంతులమ్మ గొంతు పండుకున్నది సార్. మీరు గూడ జర మెల్లగ మాట్లాడున్రి," అంది.

మూగదనుకున్న పిల్ల మాట్లాడింది, అదీ ఎవరితో. ఇన్‌స్పెక్టరుగారు ఒకసారి ఆ పిల్లనూ, ఒకసారి రాహేలు మెడమీది గుడ్డనూ చూశారు. ఏమనుకున్నారో, అంత మనిషీ మోకాళ్లమీద కూర్చుని, ఏడూ అయిదూ ఎంత అని ఆ పిల్ల చెవిలో అడిగారు. పిల్ల వేళ్లు మడిచి ఆయన చెవిలోనే చెప్పింది. ఆ తర్వాత ఆయన వరసగా అందరి దగ్గరా కూర్చున్నారు. వినడం మొదలుపెట్టాక తెలిసింది, పిల్లలకు అన్నీ వచ్చు.

బయటికి వచ్చాక రాహేలు ఏమీ దాచలేదు. డాక్టరు చెప్పిందంతా, అబద్ధమాడిన జలుబుతో సహా, గుసగుసగా చెప్పేసింది. ఆయన పట్టాలవైపు చూసి, ఈ రైలు పక్కన, ఈ తడిక పక్కన ఎవరి గొంతు మాత్రం నిలుస్తుందన్నారు. పట్టాలకు దూరంగా గోడలున్న గది ఏదని అడిగారు. ఉన్నది ఒక్కటే, భారతమ్మగారి ఆఫీసు గది. ఆవిడ కొంత గొణిగారు గానీ, మధ్యాహ్నానికల్లా ఆ గది ఒకటో తరగతికి వదిలి, తన బల్లా కుర్చీ తడిక పక్కకు మోయించేసుకున్నారు.

సోమవారం శాంతికుమార్ జవాబు కోసం వచ్చాడు. రాహేలు తల అడ్డంగా ఊపేసరికి అతనికి కోపమొచ్చింది.

"పిచ్చా అక్కా నీకు? ఆ లైబ్రరీలో పొద్దస్తమానం ఒక్కరితో కూడా మాట్లాడే పని ఉండదు."

"అందుకే వద్దు తమ్ముడూ," అంది రాహేలు.

గొంతు కొంతవరకే తిరిగొచ్చింది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకోవడం మళ్లీ ఎన్నడూ కుదరలేదు. అందరూ పాడుతుంటే ఆమె పెదవులు మూసుకుని నిలబడేది, లోపల ఎంత పాట ఉన్నా. ఉన్న కాస్త గొంతూ ఒకటో తరగతికి దాచుకుంది.