తలుపులక్క గెలిచిన బేరం

తలుపులక్కతో బేరమాడి గెలిచినవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడూ లేడు. నమ్మకపోతే ఆ వీధిలో ఎవరినైనా అడగండి. కూలగొట్టే ఇళ్ళ దగ్గరికి వెళ్ళి పాత తలుపులూ కిటికీలూ కొనుక్కొచ్చి, మేకులు పీకి, రంగు గీకి, మళ్ళీ అమ్మడం ఆవిడ వ్యాపారం. అవతలివాడు ధర చెప్పగానే ఆవిడ చెక్కను గోటితో గీకి, ఆ పొడిని వేలి మీద పెట్టుకుని ఉఫ్‌మని ఊది, "నాయనా, ఇది తలుపా, చెదపురుగుల ఇల్లా? మోసుకుపోయినందుకు నువ్వే నాకివ్వాలి" అనేది. అక్కణ్ణుంచి మొదలు! చివరికి వాడే చేతులెత్తేసి, నవ్వుతూ బండి ఎక్కించేవాడు.

"బేరమాడకుండా కొంటే మనిషిని పలకరించకుండా పోయినట్టే" అనేది ఆవిడ.

సాయంత్రం ఇంటికి రాగానే భర్త అడిగే మొదటి మాట, "ఇవాళ ఎంతకి దించావు?" ఆయన ఒకప్పుడు వడ్రంగి. చూపు కొంచెం కొంచెంగా తగ్గి, ఇప్పుడు పూర్తిగా పోయింది. అయినా ఆ అద్దె ఇంట్లో ఆయన్ని చూస్తే గుడ్డివాడని ఎవరూ అనుకోరు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తే వంటగది తలుపు. దాని మీద ఒక గంటు ఉంది. కళ్ళు బాగున్న రోజుల్లో గడియ బిగిస్తూ ఉలి జారి ఆయనే పెట్టిన గంటు. "గొప్ప పనివాడివి! ఊళ్ళోవాళ్ళ తలుపులన్నీ బాగుచేసి అద్దె ఇంటి తలుపు చెడగొట్టావు" అని ఆవిడ ఏళ్ళ తరబడి దెప్పింది. ఇప్పుడు ఆ గంటే ఆయనకి గుర్తు. అది వేలికి తగిలితే కుడివైపు పొయ్యి, ఎడమవైపు నీళ్ళు. టీ తనే పెట్టుకునేవాడు. కరెంటు పోయినప్పుడు, "తడుముకోండి, తడుముకోండి, నాకేం!" అని పగలబడి నవ్వేవాడు.

ఆ ఇల్లు అమ్మకానికొచ్చింది. ఇంటి యజమాని మంచివాడే. "బయటివాళ్ళకి చెప్పేముందు మీకు చెబుతున్నానమ్మా. వానలు పడేదాకా ఆగుతాను" అన్నాడు. సగం డబ్బు తలుపులక్క దగ్గరుంది. మిగతా సగానికి బ్యాంకుకు వెళ్ళింది. అక్కడి ఆఫీసరమ్మ తెర మీద చూసి, గొంతు తగ్గించి, "మీ పేరు మీద ఎగవేత ఉందండీ" అంది.

"ఎగవేతా? నా పేరు మీదా? ఏమ్మా, సరిగ్గా చూశావా?"

చూసింది. చెక్క కోసే మిషను కోసం ఒక ఫైనాన్సు కంపెనీలో ఎప్పుడో తీసుకున్న అప్పు అది. వాయిదాలన్నీ కట్టేసింది తలుపులక్క. ఆఖర్న వసూళ్ళ మనిషి జరిమానా అంటూ వచ్చాడు. ఎందుకయ్యా అంటే, ఒక నెల ఆలస్యమైందట. ఆ నెల వాళ్ళ ఆఫీసే తాళం వేసి ఉంది, వేరే వీధికి మారుతున్నారు! "తాళం వేసుకుంది మీరు, జరిమానా నాకా? సిగ్గుండాలి!" అని ఆవిడ గుమ్మంలోనే పట్టుకుంది వాణ్ణి. వాడు చెమటలు కక్కుతూ, "నీకో దండం అక్కా. సగం కట్టు, లెక్క మూసేస్తాను" అన్నాడు. ఆవిడ సగం కట్టి, వాడికి టీ కూడా ఇచ్చి పంపింది. ఆ సాయంత్రం వీధి వీధంతా చెప్పుకుంది. భర్త చప్పట్లు కొట్టాడు.

ఆవిడ వ్యాపారంలో ధర తగ్గించి చెయ్యి కలిపితే అయిపోయినట్టే. ఎవరి దగ్గరా ఎవరికీ ఏమీ మిగలదు. కంపెనీవాళ్ళు మాత్రం, కట్టాల్సింది కట్టలేక సగానికి ఒప్పుకుందని రాసుకున్నారు. అప్పుల చరిత్రలో అది ఎగవేతతో సమానమట. చూడండి మరి, దగా ఎంత శుభ్రంగా జరుగుతుందో!

ఆవిడ కంపెనీకి వెళ్ళింది. వసూళ్ళ మనిషి ఉద్యోగం మానేసి ఎటో పోయాడు. బల్ల దగ్గర కూర్చున్నాయన ఓపిగ్గా విన్నాడు. "జరిమానా తప్పే కావచ్చమ్మా. అప్పుడు ఏమీ కట్టకుండా ఫిర్యాదు చేయాల్సింది. సగం కట్టారంటే తప్పు ఒప్పుకున్నట్టే కదా!"

"సరే, మిగతా సగం ఇప్పుడే పారేస్తాను. నా పేరు మీద మచ్చ తీసెయ్యండి."

"ఇప్పుడు కడితే ఆలస్యంగా కట్టారని రాస్తాం. మచ్చ పోదు."

తలుపులక్క గోరు అలవాటుగా బల్ల చెక్క మీదికి పోయింది. ఆ మనిషిని గోటితో గీకి చూసే వీలు లేదు.

అప్పుల చరిత్ర రాసే సంస్థకి ఫిర్యాదు పెట్టింది. వాళ్ళు కంపెనీని అడిగారు. కంపెనీ తాను రాసింది సరైనదే అంది. సరైనదేనట అని వాళ్ళు ఆవిడకి జవాబిచ్చారు. దొంగనే పిలిచి నువ్వు దొంగవా అని అడిగితే ఏం చెబుతాడు! మళ్ళీ పెట్టింది. పాత ఆఫీసు పక్కనున్న మందుల షాపాయన, ఆ నెలంతా తాళమే ఉందని సంతకం చేసిచ్చాడు. అది తీసుకుని కంపెనీ పై అధికారి దాకా పోయింది. ఈలోగా ఆకాశం మబ్బు పట్టింది. ఇంటి యజమాని ఇంకో వారం ఆగాడు. తర్వాత ముఖం చూపించలేక, ఇల్లు వేరేవాళ్ళకి అమ్మేశానని మనిషి చేత కబురు పంపాడు.

మారిన గదిలో సామాన్లు ఇంకా మూటల్లోనే ఉండగా ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఫిర్యాదు న్యాయమైనదేనట, ఎగవేత తీసేశారట, కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నారట. ఆవిడ భర్తకి చదివి వినిపించింది.

"గెలిచావన్నమాట" అన్నాడాయన, మంచం మీంచి లేవకుండా.

ఆ గదిలో ఆయన అస్సలు లేవడం లేదు. రెండుసార్లు మెట్ల వైపు వెళ్ళి పడబోయాడు. టీ అడగడం మానేశాడు. బాత్రూముకి వెళ్ళాలన్నా పసివాడిలా "ఎటు?" అని అడుగుతున్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా తలుపులక్కకి ఏడుపొస్తోంది. ఆ వసూళ్ళ మనిషికి టీ ఎందుకిచ్చానా అని తనని తాను తిట్టుకుంటోంది.

వానలు తగ్గాక ఒక మేస్త్రీ ఫోను చేశాడు. "అక్కా, ఒక ఇల్లు కూలగొడుతున్నాం. తలుపులు చూసుకుంటావా?"

అడ్రసు చెప్పాడు. పాపం, అతనికేం తెలుసు!

ఆవిడ వెళ్ళేసరికి పైకప్పు లేదు. తలుపులన్నీ ఊడదీసి గోడకి చేర్చి పెట్టారు. వంటగది తలుపు అన్నిటికన్నా వెనక ఉంది. మేస్త్రీ ధర చెప్పి, నవ్వు దాచుకుంటూ, చెక్క ఎప్పుడు గీకుతుందా అని చూశాడు. ఆవిడ గీకలేదు. అడిగినంత తీసి అతని చేతిలో పెట్టింది.

"అదేంటక్కా! ఒంట్లో బాలేదా?"

"ఎక్కించు నాయనా" అంది.

ఆ తలుపొక్కటే తన సరుకుంచే షెడ్డుకి తీసుకుపోకుండా గదికి మోయించి, మంచం పక్కన గోడకి ఆనించింది. భర్త చప్పుడు విని చెయ్యి చాపాడు. చెక్క మీద చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది. గంటు దగ్గర వేలు ఆగింది.

వేలు అక్కడే ఉంచి అడిగాడు. "ఎంతకి దించావు?"

"దించలేదు."

"అయితే ఇల్లు పడగొట్టేశారు."

"ఆఁ."

ఆయన తలుపు పట్టుకుని లేచి నిలబడ్డాడు. అన్ని రోజుల తర్వాత తనంతట తానే లేచాడు. చెక్క మీద చెయ్యి జరుపుకుంటూ అడుగు వేశాడు, ఇంకో అడుగు వేశాడు. తలుపు అయిపోయింది. అంచు దాటిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"ఎటు?" అన్నాడు.